సన్నీవేల్‌లో ఎదురింటి పెద్దావిడ ఇల్లు ఎందుకు అమ్మరు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో భార్య, ఇద్దరు పిల్లలతో అద్దెకు ఉంటున్నారు. రోడ్డు దాటితే చాలు, నాలుగు పడకగదుల ఇళ్లు వరుసగా ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్లలో ఉండేది ఒకరో ఇద్దరో వృద్ధులు. కౌంటీ రికార్డులు తెరిచి చూస్తే ఎదురింటి పెద్దావిడ ఏడాదికి కట్టే ఆస్తి పన్ను 1,600 డాలర్లు. అదే ఇల్లు ఇవాళ 25 లక్షల డాలర్లకు మీరు కొంటే 30 వేలు కట్టాలి. ఇది తరాల మధ్య అన్యాయం కాదా, వాళ్లను కదిలించే చట్టం తేకూడదా, ఇంకో అయిదారేళ్లు ఆగితే ఆ ఇళ్లన్నీ అమ్మకానికి వస్తాయా, ఈలోగా ఇల్లు అమ్ముతారా అని వాళ్లకు ఉత్తరాలు వేయవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. అన్యాయం ఉంది. కానీ అది చేస్తున్నది ఆవిడ కాదు. ఆవిడ ఇల్లు అమ్మితే లక్షల డాలర్లు పోతాయి, అమ్మకుండా అందులోనే కన్ను మూస్తే ఒక్క డాలరు కూడా పోదు. అలా లెక్క రాసిపెట్టింది చట్టం. ఇళ్లు ఒక్కసారిగా అమ్మకానికి రావు కాబట్టి ఆ ఆశతో ఆగవద్దు. ఉత్తరం మాత్రం వేయండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను సన్నీవేల్ ఉన్న సౌత్ బే ప్రాంతంలో ఇరవై ఏళ్లకు పైగా పన్ను లెక్కలు చూస్తున్నాను. ఇల్లు అమ్మాలా వద్దా అన్న ఆలోచన వచ్చిన పెద్దవాళ్లు చాలామంది బ్రోకరు కంటే ముందు నా దగ్గరికి వస్తారు. నేను వేసిన లెక్క చూసి అమ్మే ఆలోచన మానుకున్నవాళ్లే ఎక్కువ. కింద చెప్పేవి ఆ లెక్కలే. సులభంగా అర్థం కావాలని అంకెలను సుమారుగా తీసుకున్నాను.

ముందు ఆ 1,600 డాలర్ల సంగతి. 1978 జూన్‌లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రపోజిషన్ 13ను గెలిపించారు. ప్రపోజిషన్ అంటే ఓటర్లే నేరుగా ఓటు వేసి తెచ్చే చట్టం. దాన్ని ముందుండి నడిపింది హోవర్డ్ జార్విస్, పాల్ గాన్. అప్పటికి ఇళ్ల ధరలు ఏటేటా ఎగబాకుతున్నాయి, ఆస్తి పన్ను రేటు రాష్ట్ర సగటున రెండున్నర శాతం దాటింది. పింఛను మీద బతికే వాళ్లు పన్ను కట్టలేక ఇళ్లు వదులుకోవలసి వస్తోందన్న భయం నిజంగానే ఉండేది. ఆ చట్టంతో మూల పన్ను ఒక్క శాతానికి పరిమితమైంది, విలువలు 1975 నాటి స్థాయికి వెళ్లాయి. ఆ తరువాత పన్ను విలువ ఏడాదికి రెండు శాతం కంటే పెరగకూడదు. మళ్లీ మార్కెట్ ధర లెక్కలోకి వచ్చేది ఇల్లు చేతులు మారినప్పుడే. 1975లో 50 వేల డాలర్ల విలువ కట్టిన ఇల్లు ఏటా రెండు శాతం చొప్పున యాభై ఏళ్లు పెరిగితే 1,35,000 దగ్గర ఆగుతుంది. స్థానిక బాండ్లు, అంటే ఊరి అప్పుల వాయిదాలు, కలిపి పన్ను 1.2 శాతం అనుకోండి, 1,600 వచ్చేసింది. ఆవిడ ఏ మోసమూ చేయలేదు.

మీకు వచ్చిన కోపం కొత్తదేమీ కాదు. 1988లో లాస్ ఏంజెలెస్ బాల్డ్విన్ హిల్స్‌లో 1,70,000 డాలర్లకు ఇల్లు కొన్న స్టెఫనీ నోర్డ్లింగర్ ఇదే మాట మీద కోర్టుకెక్కారు. ఇరుగుపొరుగున అలాంటి ఇళ్లే ఉన్న పాత యజమానుల కంటే ఆమె పన్ను దాదాపు అయిదు రెట్లు ఉండేది. 1992లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు మరోవైపు ఉండగా చట్టాన్నే సమర్థించింది. కొత్తగా కొనేవారికి ఎంత పన్ను పడుతుందో ముందే తెలుసు, ఇష్టం లేకపోతే కొనకుండా ఉండవచ్చు, పాత యజమానికి ఆ అవకాశం లేదు అన్నది కోర్టు వాదనలో ముఖ్యమైన భాగం. న్యాయశాస్త్రం ప్రకారం అది నిలిచింది. ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లలే. ఏటా 30 వేల డాలర్లు కట్టే వాళ్లకు ఈ ప్రపోజిషన్ల మీద ఓటు వేసే హక్కు లేదు. 1,600 కట్టే ఆవిడకు ఉంది.

అయితే ఆస్తి పన్ను ఒక్కటే అయితే ఈపాటికి సగం మంది కదిలేవారు. 2020 నవంబరులో 51 శాతం ఓట్లతో నెగ్గిన ప్రపోజిషన్ 19 ఆ అడ్డు చాలా వరకు తీసేసింది. 55 ఏళ్లు నిండినవారు తమ పాత పన్ను విలువను రాష్ట్రంలో ఏ కౌంటీకైనా, జీవితంలో మూడుసార్లు తీసుకెళ్లవచ్చు. అమ్మకానికీ కొనుగోలుకూ మధ్య రెండేళ్లు దాటకూడదు. కొత్త ఇల్లు ఖరీదైనదైతే పైన ఉన్న తేడా మాత్రమే పాత విలువకు కలుస్తుంది. దీనికి గట్టిగా డబ్బు పెట్టింది రాష్ట్ర రియల్టర్ల సంఘం. అమ్మకాలు పెరిగితే కమిషన్లు పెరుగుతాయి కదా. ఉద్దేశం ఏదైనా ఫలితం మంచిదే అంటాను.

అసలు గొళ్లెం ఆదాయ పన్నులో ఉంది. సొంతంగా ఉంటున్న ఇల్లు అమ్మితే వచ్చే లాభంలో దంపతులకు 5 లక్షల డాలర్లు, ఒంటరివారికి 2.5 లక్షలు మినహాయింపు ఉంది. ఈ అంకెలు పెట్టింది 1997లో. అప్పటి నుంచి ఒక్క డాలరు పెంచలేదు. వస్తువుల ధరలు పెరిగిన లెక్కన చూసినా ఈపాటికి 5 లక్షలు దాదాపు 10 లక్షలు కావాలి. సన్నీవేల్‌లో ఇళ్ల ధరలు పెరిగిన తీరు చెప్పనక్కర్లేదు.

ఆవిడ భర్త బతికి ఉండగా ఆ ఇల్లు అమ్మారనుకుందాం. 25 లక్షలు వచ్చాయి. అమ్మకం ఖర్చులు, కొన్న ధర, చేయించిన మరమ్మతులు, 5 లక్షల మినహాయింపు అన్నీ తీసేసినా పదిహేడు లక్షలకు పైగా లాభం మిగులుతుంది. దాని మీద కేంద్రం ఎక్కువ భాగానికి 20 శాతం, ఆపైన పెట్టుబడి ఆదాయం మీద 3.8 శాతం తీసుకుంటుంది. కాలిఫోర్నియా ఈ లాభాన్ని జీతంలాగే చూస్తుంది, రాయితీ రేటు లేదు. అన్నీ కలిపితే 5 లక్షల డాలర్ల పైమాటే.

అమ్మకుండా ఆగారనుకుందాం. దంపతుల్లో ఒకరు పోయిన రోజున ఆ ఇంటి మార్కెట్ విలువే కొత్త కొనుగోలు ధర అయిపోతుంది. కాలిఫోర్నియాలో ఇల్లు కమ్యూనిటీ ప్రాపర్టీగా, అంటే దంపతుల ఉమ్మడి ఆస్తిగా ఉంటే ఇద్దరి వాటాలకూ ఇది వర్తిస్తుంది. మర్నాడే అమ్మినా పన్ను దాదాపు సున్నా. ఎనభై దాటిన దంపతులకు నేనేం సలహా ఇవ్వాలి? ఇద్దరిలో ఒకరు పోయేదాకా ఆగండి అని నోటితో అనలేను. కాగితం మీద రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపిస్తాను, వాళ్లే అర్థం చేసుకుంటారు.

కాబట్టి మీ ఎదురింటి ఆవిడ విషయంలో తేల్చుకోవలసింది ఆమె భర్త ఏ సంవత్సరంలో పోయారన్నది. 1995లో పోయి ఉంటే ఆనాటి విలువ దగ్గరే లెక్క ఆగిపోయింది, ఇప్పుడు అమ్మితే పన్ను భారీగానే ఉంటుంది. మొన్నీమధ్యే పోయి ఉంటే ఆవిడకు పన్ను భయమే అక్కర్లేదు, కానీ ఆ సంగతి ఆవిడకు తెలియకపోవచ్చు. ఇలాంటి ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. అమ్మితే సగం పోతుందని పిల్లలెవరో చెప్పారట. భర్త పోయి రెండేళ్లు కాలేదు, లెక్క వేస్తే కట్టవలసింది ఏమీ లేదు. ఆ మాట చెబితే సంతోషిస్తారనుకున్నాను. "మరి ఎక్కడికి వెళ్లను?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఊళ్లో సరైన జవాబు లేదు. ఆవిడకు కావలసింది అదే వీధిలో, అదే డాక్టరుకు, అదే లైబ్రరీకి దగ్గరగా, మెట్లు లేని రెండు గదుల చిన్న ఇల్లు. అలాంటివి కట్టనివ్వలేదు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న బే ఏరియాలో నివాస భూమిలో అయిదింట నాలుగు వంతులు దశాబ్దాల పాటు ఒక స్థలంలో ఒకే ఇల్లు అన్న నిబంధన కింద ఉండిపోయింది. దొరికేది కాండో, అంటే అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాటు. రెండు పడకగదుల కాండోకు పది పన్నెండు లక్షలు పెట్టాక నెలకు ఆరేడు వందల డాలర్ల సంఘం రుసుము ఉంటుంది. అంటే ఏడాదికి ఎనిమిది వేల దాకా. అప్పు ఎప్పుడో తీరిపోయిన ఇంట్లో 1,600 పన్ను, కాస్త బీమా కట్టుకుంటూ ఉన్న మనిషికి "చిన్న ఇంటికి మారితే ఖర్చు తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే నవ్వు వస్తుంది.

ఇంకొక మాట. మీరు ఖాళీ అనుకుంటున్న గదులన్నీ ఖాళీ కావు. ఈ సంగతి మనవాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు. 1998లో ఫ్రీమాంట్‌లో 4 లక్షలకు ఇల్లు కొన్న ఒక తెలుగు దంపతుల లెక్కలు నేనే చూస్తాను. అప్పట్లో వాళ్లూ మీలాగే, పక్కింటి ముసలాయన పన్ను తమ పన్నులో అయిదో వంతని నా దగ్గర గొణుక్కునేవారు. ఇప్పుడు పిల్లలిద్దరూ సియాటిల్, ఆస్టిన్‌లలో స్థిరపడ్డారు. నాలుగు పడకగదుల్లో వీళ్లిద్దరే. గణాంకాల్లో రాస్తే రెండు గదులు అదనం. కింది గది ఏటా విజయవాడ నుంచి వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మగారిది, పై గది కూతురు పురిటికి వస్తుందని సిద్ధం చేసినది. లివర్‌మోర్ గుడి, పాతికేళ్ల స్నేహితులు, అన్నీ ఇక్కడే. పక్కింటి కొత్త జంట ఇప్పుడు వీళ్ల పన్ను చూసి ఏమనుకుంటోందో ఊహించగలరు. మీరు ఇల్లు కొన్న రోజు నుంచి ఆ రెండు శాతం గొడుగు మీకూ పడుతుంది, పదేళ్లకు మీ వెనక వచ్చినవాడు మీ మీద ఇదే ప్రశ్న వేస్తాడు.

నాకు నిజంగా మింగుడుపడని అన్యాయం వృద్ధులది కాదు, వారసులది. 1986లో వచ్చిన ప్రపోజిషన్ 58 ప్రకారం తల్లిదండ్రుల ఇల్లు పిల్లలకు వస్తే పాత పన్ను విలువ కూడా వెంట వచ్చేది. ఆ ఇంట్లో పిల్లలు ఉండనక్కర్లేదు. రాష్ట్ర శాసనసభకు లెక్కలు చెప్పే కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏటా 60 నుంచి 80 వేల ఆస్తులు ఇలా చేతులు మారేవి. టెక్సాస్‌లో ఉంటూ, తండ్రి ఇల్లు నెలకు అయిదు వేలకు అద్దెకిచ్చి, ఏడాది మొత్తానికి పదునాలుగు వందలు పన్ను కట్టే కొడుకు ఒకాయన రిటర్నులు నేను చూశాను. 1978లో వృద్ధుల కన్నీళ్లు చూపించి తెచ్చిన రక్షణ ఆయనకు ఎందుకు? ప్రపోజిషన్ 19 దీన్ని కూడా తగ్గించింది. 2021 ఫిబ్రవరి 16 నుంచి జరిగే బదిలీల్లో పిల్లలు ఏడాదిలోగా వచ్చి అందులో ఉంటేనే మినహాయింపు, అదీ సుమారు 10 లక్షల డాలర్ల పెరుగుదల వరకే. అంతకు ముందే చేతులు మారినవి మాత్రం అలాగే ఉండిపోయాయి. దుకాణాలు, ఆఫీసు భవనాలకు కూడా ఈ గొడుగు ఇప్పటికీ ఉంది. దాన్ని తీసేద్దామన్న ప్రపోజిషన్ 15 అదే 2020లో 48కి 52తో ఓడిపోయింది.

ఇక చట్టంతో కదిలించడం. ఓట్లు వేసే వృద్ధులను ఏ ప్రభుత్వమూ బలవంతంగా కదపదు. బ్రిటన్ 2013లో ప్రభుత్వ, సామాజిక గృహాల్లో ఉంటూ ప్రభుత్వ సహాయంతో అద్దె కట్టేవారికి ఒక అదనపు గది ఉంటే అద్దెలో 14 శాతం మేర, రెండుంటే 25 శాతం మేర సహాయానికి కోత పెట్టింది. అందులోనూ పింఛనుదారులను మినహాయించింది. పెద్ద గదులు ఎక్కువగా మిగిలి ఉన్నది ఎవరి దగ్గరో వాళ్లనే వదిలేసి, పనిచేసే వయసు పేదల మీద పడింది. అలాంటిదే ఇక్కడా జరుగుతుంది.

నన్నడిగితే ముందు ఆ 5 లక్షల మినహాయింపు పెంచాలి, లేదా వృద్ధులు ఇల్లు అమ్మి చిన్నది కొంటే పన్నును వాయిదా వేయాలి. ధనవంతులకు మరో రాయితీ అని మీరు అనవచ్చు, నిజమే. కానీ ఇప్పుడు కూడా ప్రభుత్వానికి ఆ పన్ను రావడం లేదు, మరణంతో అది మాఫీ అయిపోతోంది. తేడా ఒక్కటే, ఇల్లు పదిహేనేళ్లు ముందుగా ఒక కుటుంబానికి అందుతుంది. పేద వృద్ధుల కోసం ప్రపోజిషన్ 13 ఉండి తీరాలన్న వాదన కూడా నాకు అంత గట్టిగా తోచదు. 62 నిండిన, తక్కువ ఆదాయం ఉన్నవారి ఆస్తి పన్నును ఇల్లు అమ్మేదాకా రాష్ట్రమే వాయిదా వేసే పథకం ఉండనే ఉంది. బడ్జెట్ సంక్షోభంలో 2009లో ఆపి, 2016లో మళ్లీ తెరిచారు. దాన్ని విస్తరిస్తే ఎవరినీ రోడ్డు మీద పడేయకుండానే మిగతావారికి న్యాయమైన పన్ను వేయవచ్చు.

ఆశ కలిగించే మార్పు పెరటి ఇళ్లది. కొన్నేళ్లుగా రాష్ట్రం నగరాల చేతులు కట్టేసి, పెరట్లో రెండో చిన్న ఇల్లు కట్టుకోవడానికి అరవై రోజుల్లో అనుమతి ఇచ్చి తీరాలని చెప్పింది. 2022 నుంచి స్థలాన్ని రెండుగా విడదీయడానికి కూడా దారి తెరిచింది. పెరటి ఇల్లు కడితే కొత్త కట్టడం విలువ మాత్రమే పన్నుకు కలుస్తుంది, పాత ఇంటి విలువ కదలదు. ఇది చాలామందికి తెలియదు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన పెరట్లో చిన్న ఇల్లు కట్టుకుని అందులోకి మారి, ముందున్న ఇల్లు ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి అద్దెకిచ్చారు. ఖర్చు మూడు నాలుగు లక్షల డాలర్లు అవుతుంది కాబట్టి అందరికీ సాధ్యం కాదు. ఒక మెలిక కూడా ఉంది. అద్దెకిచ్చిన పెద్ద ఇల్లు మూడేళ్లు దాటితే, అమ్మేటప్పుడు ఆ భాగానికి సొంత నివాసపు మినహాయింపు దక్కకపోవచ్చు. ముందే లెక్క చూపించుకోవాలి.

ఆగితే వస్తాయా అన్న ప్రశ్నకు వస్తాను. ఇళ్ల అమ్మకాల సంస్థ రెడ్‌ఫిన్ 2024లో ఇచ్చిన లెక్క మీరు చూసే ఉంటారు. అమెరికాలో మూడు, అంతకు మించి పడకగదులున్న ఇళ్లలో 28 శాతం పిల్లలు వెళ్లిపోయిన బేబీ బూమర్లవి, 14 శాతం మాత్రమే పిల్లలున్న మిలీనియల్స్‌వి, అంటే వాళ్ల పిల్లల తరానివి. అది చూసి అందరూ పెద్ద అల ఒకటి వస్తుందని ఎదురుచూస్తున్నారు. బేబీ బూమర్ల తరం 1946 నుంచి 1964 దాకా పంతొమ్మిదేళ్ల పాటు పుట్టింది. పెద్దవాళ్లు ఇప్పుడే ఎనభైకి వస్తున్నారు, చిన్నవాళ్లకు అరవై దాటింది అంతే. ఇళ్లు వచ్చేది రెండు మూడు దశాబ్దాల పాటు, కొద్దికొద్దిగా. అదీ ఉద్యోగాలున్న చోటే ఎక్కువ వస్తాయన్న హామీ ఏమీ లేదు. వచ్చినా ధర పడిపోతుందని అనుకోకండి. పక్కనే ఉన్న కూపర్టినో పాఠశాలల జిల్లాలో పిల్లల సంఖ్య తగ్గి 2022లో ప్రాథమిక పాఠశాలలు మూశారు, ఇళ్ల ధరలు మాత్రం ఇవాళా ఆకాశంలోనే ఉన్నాయి.

మీరు ఎప్పుడు కొన్నా రెండు పనులు మొదటి రోజే చేయండి. దస్తావేజులో మీ దంపతుల పేర్లు జాయింట్ టెనెన్సీ (సమాన వాటాల ఉమ్మడి హక్కు) అని కాకుండా కమ్యూనిటీ ప్రాపర్టీ, సర్వైవర్‌షిప్ హక్కుతో (ఒకరు పోతే మొత్తం మిగిలినవారికి) అని రాయించండి. జాయింట్ టెనెన్సీలో ఒకరు పోయినప్పుడు సగం వాటాకే కొత్త విలువ వచ్చే ప్రమాదం ఉంది. వంటగది, పైకప్పు, కిటికీలు, ఏది మార్పించినా రసీదులు దాచండి. ముప్పై ఏళ్ల తరువాత ఒక్కో రసీదూ పన్ను తగ్గిస్తుంది. మీకు తెలిసిన పెద్దవాళ్లెవరైనా ముందుచూపుతో పిల్లల పేరు దస్తావేజులో చేరుస్తామంటే ఆపండి. ఆ వాటాకు మరణంతో వచ్చే కొత్త విలువ పోవచ్చు, పిల్లలు అక్కడ ఉండకపోతే ఆస్తి పన్ను కూడా ఆ మేరకు మార్కెట్ ధరకు పెరగవచ్చు. లివింగ్ ట్రస్టు, అంటే బతికి ఉండగా తమ చేతిలోనే ఉండి తరువాత వారసులకు వెళ్లేలా ఆస్తిని పెట్టే ట్రస్టు, రాయించుకుంటే చాలు.

ఇక ఉత్తరం. తప్పకుండా రాయండి, కానీ తపాలా బిళ్ల అంటించి పంపండి. బిళ్ల లేకుండా పోస్టు డబ్బాలో వేయడం ఇక్కడ చట్టవిరుద్ధం. ధర గురించి మొదటి ఉత్తరంలో ఎత్తవద్దు, మీ పిల్లల ఫొటో కూడా వద్దు. ఇల్లు అమ్మాలనుకునే వృద్ధులను ఎక్కువగా భయపెట్టేది యాభై ఏళ్ల సామాను ఖాళీ చేయడం. కాబట్టి అక్కర్లేని సామాను ఏదైనా సరే అలాగే వదిలేయవచ్చని, అమ్మకం పూర్తయ్యాక కూడా అరవై రోజులు అద్దె లేకుండా ఉండవచ్చని రాయండి. అరవైకి మించి మాట ఇవ్వకండి. సొంత నివాసం పేరుతో రుణం తీసుకుంటే ఆలోగా మీరు ఆ ఇంట్లోకి వెళ్లాలని చాలా బ్యాంకులు షరతు పెడతాయి. 55 నిండినవారు పన్ను విలువను వెంట తీసుకెళ్లవచ్చన్న సంగతి కూడా ఒక వాక్యంలో చేర్చండి. భర్త ఏ సంవత్సరంలో పోయారని మీరు అడగలేరు కాబట్టి, అమ్మే ఆలోచన ఉంటే ముందుగా పన్ను సలహాదారును కలవమని రాస్తే సరిపోతుంది.